ఎవరి సంచీ వారే మోయాలి



ఈ టపా వ్రాయాలా వద్దా అని చాలాకాలం తటపటాయించాను. యాత్రావిశేషాలు వ్రాయమని అడిగినవారు ఇందులో ఆ విశేషాలు వెదికితే కొంత నిరాశ పడవచ్చు. ఇది యాత్రాచరిత్ర కాదు, తగవు. నాకూ, మా బంధుమిత్రులలోని కొందరు పెద్దలకూ నడుమ ఏడాదికి పైగా నలుగుతున్న తగవు. వారి వాదాన్ని వారు పెళ్ళిళ్ళలోనూ, పేరంటాలలోనూ నలుగురి ముందూ వినిపిస్తూనే ఉన్నారు. నా వాదం నేను ఇక్కడ వినిపించుకోవడం అన్యాయం కాదనుకుంటాను.

నా నేరమేమిటో ముందు చెప్పుకుంటాను. 2024 మే 13న ఏలూరులో ఓటు వేశాను. పదిహేనో తేదీన మా చెల్లెలితో కలసి విమానమెక్కాను. ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగి, కొలోన్, మ్యూనిక్, వియన్నా, వెనిస్, రోమ్ నగరాలను రైళ్ళలో తిరిగి, ఓట్ల లెక్కింపు నాటికి ఇల్లు చేరుకున్నాం. ఆరు నగరాలు, ఐదు రైలు ప్రయాణాలు, పద్ధెనిమిది రాత్రులు. వెంట గైడు లేడు, వంటవాడు లేడు, మాకోసం గుమ్మంలో కాచుకొని ఉండే బస్సు లేదు. ఇద్దరికీ వీపున చెరొక సంచీ. అప్పటికి నాకు అరవై ఆరేళ్ళు, ఆమెకు అరవై మూడు. మా బావగారు 2019లో కాలం చేశారు.

పూర్వపక్షాన్ని నిజాయితీగా చెప్పకుండా సిద్ధాంతం చేయరాదని మా గురువులు నేర్పారు. కనుక ఎదుటివారి మాటలను ఏమీ తగ్గించకుండా మొదట వ్రాస్తాను.

మొదటి ఆక్షేపణ: ఇది కుర్రకారు చేసే పని. వీపున సంచీ తగిలించుకొని, చవక గదులలో దిగుతూ, రైళ్ళ వెంట పరుగెత్తడం ఇరవయ్యేళ్ళవారికి ముచ్చట, అరవయ్యేళ్ళవారికి వెర్రి.

రెండవ ఆక్షేపణ: భర్త పోయిన ఆడమనిషిని కాశీకో రామేశ్వరానికో తీసుకువెళ్ళాలి గాని, ఈ వయసులో వెనిస్ ఏమిటి? ఆమెకు ఆంగ్లం రాదు. చదివినది ఐదో తరగతి. అక్కడ చూసి ఆమెకు అర్థమయ్యేదేమిటి?

మూడవ ఆక్షేపణ: వెళ్ళాలనే ఉంటే టూరు కంపెనీలున్నాయి కదా. పన్నెండు రోజులలో తొమ్మిది దేశాలు చూపిస్తారు. పొద్దున్న ఇడ్లీ, రాత్రి పప్పన్నం పెడతారు. సామాను గదికి చేరుస్తారు. డబ్బిచ్చి సుఖాన్ని కొనుక్కుంటారు గాని కష్టాన్ని కొనుక్కుంటారా? ఈ మాట అన్నవారు నాతోపాటు పదవీ విరమణ చేసిన ఒక పెద్దమనిషి. ఆయన ఆ విధంగానే వెళ్ళివచ్చారు. ఆయనంటే నాకు గౌరవమే.

నాలుగవది పండితుల ఆక్షేపణ. సాటి భాషాప్రవీణుడొకాయన చిరునవ్వుతో ఇలా అన్నాడు: "ఏనుగుల వీరాస్వామయ్యగారు కాశీయాత్ర చేసినది పల్లకీలో, పరివారంతో. సంచీ మోసినవాడే యాత్రికుడైతే ఆయన యాత్రికుడు కాడా?"

ఈ నాలుగోదానితోనే మొదలుపెడతాను, ఎందుకంటే అన్నిటిలోకి అదే గట్టిది. నిజమే. వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణం నుంచి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. బోయీలు, బంటులు, వంటవారు, ఇంటివారు అందరూ వెంట ఉన్నారు. ఆయన ఏ మూటా మోయలేదు. కాని ఆయన పుస్తకం తెరచి చూడండి. ఏ మజిలీలో నీరు మంచిదో, ఏ రేవులో పడవలు దొరుకుతాయో, ఏ దారి ఇసుకో, ఏ దారి రేగడో, ఏ ఊళ్ళో ఏ సరుకు దొరుకుతుందో అన్నీ వ్రాశారు. పదిహేను నెలలపాటు ప్రతి మజిలీకీ ఆయనే జవాబుదారీ. వందమంది వెంట ఉన్నా దారి బరువు ఆయన తలమీదనే ఉంది. నేను సంచీ అంటున్నది ఆ బరువును. అది తోలుతో కుట్టినదైనా కావచ్చు, బాధ్యతతో కుట్టినదైనా కావచ్చు. టూరు బస్సులో కూర్చున్నవాడు మోయనిది అదీ.

ఇక మొదటి ఆక్షేపణ. రైలు పాసుతో ఐరోపా తిరగడం కుర్రకారు పనిగా మొదలైన మాట నిజమే. 1972లో ఐరోపా యువకుల కోసం ఇంటర్‌రెయిల్ పాసు ప్రవేశపెట్టినప్పుడు ఇరవై ఒక్క ఏళ్ళు దాటినవారికి అది ఇచ్చేవారు కాదు. ఆ వయఃపరిమితిని 1998లో పూర్తిగా తొలగించారు. మనవంటి బయటి దేశాలవారికి యూరెయిల్ పాసు 1959 నుంచీ ఉన్నది. దానిలో 2019 నుంచి అరవై నిండినవారికి నూటికి పది చొప్పున తగ్గింపు కూడా ఇస్తున్నారు. అంటే మా వయసువారు వస్తారనీ, రావాలనీ అక్కడివారు లెక్కవేసుకొనే ఉన్నారు. లెక్కవేసుకోనివారు మన బంధువులే.

ఇక్కడ మన ఇంటి సంగతి కూడా ఒకటి చెప్పక తప్పదు. మన రైళ్ళలో అరవై నిండిన పురుషులకు నూటికి నలభై, యాభై ఎనిమిది నిండిన స్త్రీలకు నూటికి యాభై చొప్పున రాయితీ ఉండేది. 2020 మార్చిలో కరోనా పేరిట దానిని ఆపారు. కరోనా పోయింది, రాయితీ మాత్రం మళ్ళీ రాలేదు. ప్రతి ప్రయాణికుడి టికెట్టులోనూ ప్రభుత్వం కొంత భరిస్తూనే ఉందని జవాబు చెబుతారు. కావచ్చు. కాని పింఛను కూడా లేని ముసలమ్మకు ఆ సగం టికెట్టు అంకె కాదు, అనుమతి. "ఎలాగూ సగమే కదా, వెళ్ళి మనవరాలిని చూసి వస్తాను" అని ఇంట్లో చెప్పుకొనే ధైర్యం. పెద్దవారు ఇంట్లో కూర్చోవాలనే మాటను బంధువులు నోటితో అంటే, టికెట్టు కిటికీ అంకెతో అన్నది. అంతే భేదం.

ఐరోపా సమాఖ్య 2018 నుంచి పద్ధెనిమిదేళ్ళు నిండిన వేలాది పిల్లలకు ఉచితంగా రైలు పాసులిచ్చి దేశాలు తిరిగి రమ్మంటున్నది. ప్రయాణం చదువులో భాగమని అక్కడి ప్రభుత్వాలు నమ్మాయి. ముప్ఫై ఏళ్ళకు పైగా బల్ల వెనుక నిలబడినవాడిగా ఆ నమ్మకానికి నేను చేతులెత్తి మ్రొక్కుతాను. అయితే చదువు పద్ధెనిమిదితో ఆగదు. కొందరికి అరవై మూడో ఏట గాని మొదలు కాదు.

ఇక్కడే రెండవ ఆక్షేపణకు జవాబు చెప్పాలి. దానికోసం కొల్లేటికోట వెళ్ళాలి.

మేము పుట్టినది అక్కడే. కొల్లేటి నడుమ లంక, పెద్దింట్లమ్మ తల్లి గుడి, చుట్టూ కనుచూపు మేర నీళ్ళు. మా చిన్నతనంలో గట్టు చేరాలంటే పడవే గతి. నేను కైకలూరు హైస్కూలులో చదివేవాణ్ణి. తెల్లవారుజామున దోనె ఎక్కి, గెడ వేసేవాళ్ళకు సాయపడుతూ, పుస్తకాల సంచీ తడవకుండా తలపైన పెట్టుకొని పోయేవాళ్ళం. తుపాను రోజుల్లో రాకపోకలు ఉండేవి కావు. అయినా నేను చదివాను. భాషాప్రవీణ చేశాను. పండిత శిక్షణ ముగించాను. బడిపంతులునై, 2018లో పదవీ విరమణ చేశాను.

1971 వేసవిలో మా చెల్లెలు ఐదో తరగతి ముగించింది. లెక్కలలో నాకంటె చురుకు. ఊళ్ళో పై తరగతులు లేవు. ఆ బడి ఆమెకు అక్కడితో ఆగిపోయింది. ఎందుకు ఆగిందని నన్ను ఎవరైనా అడిగితే, "ఆ రోజుల్లో ఆడపిల్లలను పడవెక్కించి పంపేవారు కారండీ" అని యాభై ఏళ్ళుగా చెబుతూ వచ్చాను. ఈ జవాబులోని అబద్ధం సంగతి తరువాత చెబుతాను.

భర్త పోయిన ఆడమనిషి అన్నారు. తెలుగు స్త్రీ దేశాలు తిరగడం నిన్నమొన్నటి సంగతి కాదు. పోతం జానకమ్మ రాఘవయ్య అనే తెలుగు ఇల్లాలు 1870ల తొలినాళ్ళలోనే సముద్రాలు దాటి ఇంగ్లండు చూసి వచ్చి, ఆ విశేషాలు వ్రాసింది. 'పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్' అనే ఆ పుస్తకం 1876లో మద్రాసులో అచ్చయింది. నాయని కృష్ణకుమారిగారు విద్యార్థినులను వెంటబెట్టుకొని కాశ్మీరం వెళ్ళివచ్చి 'కాశ్మీర దీపకళిక' వ్రాశారు. ఈ పేర్లు మా బంధువులకు తెలియకపోవడం వారి తప్పు కాదు. వాటిని పాఠంలో చెప్పవలసిన నావంటివారి తప్పు. కాని తెలియనితనాన్ని ఆచారం అని పిలవడం మాత్రం వారి తప్పే.

ఇక ఆమెకు ఏమి అర్థమవుతుందన్న మాట. రెండు సంగతులు చెబుతాను.

ఒక స్టేషనులో మా బండి కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాం. నేను ఫోనులో పాసు తెరచి, అందులో ఆనాటి ప్రయాణం నమోదు చేసే పనిలో మునిగి ఉన్నాను. ఏదో ప్రకటన వినబడింది. ఆ భాష నాకూ రాదు, ఆమెకూ రాదు. ఉన్నట్టుండి ఆమె నా సంచీ పట్టీ పట్టుకొని లాగింది. "లే అన్నయ్యా, మన బండి అటు మారింది."

"నీకెలా తెలుసు?"

"ఆ బోర్డు మీద మన ఊరి పేరు పక్కన ఇందాక ఐదు ఉంది, ఇప్పుడు తొమ్మిది ఉంది. పెట్టెలున్న వాళ్ళంతా అటే పోతున్నారు. పద."

ప్రతి రోజూ రాత్రి నేను మర్నాటి ఊరి పేరును ఆంగ్లాక్షరాలలో ఒక చీటీ మీద వ్రాసి ఆమెకిచ్చేవాణ్ణి. ఆమె ఆ అక్షరాలను ముగ్గు చుక్కలలాగా గుర్తుపెట్టుకొని, బోర్డు మీది అక్షరాలతో జత కలుపుకొనేది. మెట్లు దిగి, మెట్లెక్కి, తలుపులు మూసుకోబోతుండగా ఎక్కాం. ఆ రోజు ఇద్దరిలో చదువుకున్నవారు ఎవరో మీరే చెప్పండి.

రెండోది వెనిస్‌లో. రియాల్టో వంతెన దగ్గర చేపల బజారు ఉంది. ఆమె ఒక బల్ల ముందు ఆగి, ఒక చేప మొప్ప ఎత్తి చూసింది. అమ్మేవాడు ముఖం చిట్లించాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అతడు ఒక్క క్షణం చూసి, పకపకా నవ్వి, వెనుకనుంచి మరొక చేపను తీసి, మొప్ప ఎత్తి, ఎర్రని లోపలి భాగం చూపించాడు. ఆమె "ఆఁ, ఇదీ" అంది తెలుగులోనే. అతడేదో అన్నాడు ఇటాలియనులో. ఇద్దరికీ పూర్తిగా అర్థమైంది. పక్కన నిలబడిన నాకే ఏమీ అర్థం కాలేదు. కొర్రమీనూ మట్టగిడసా మధ్య పెరిగిన మనిషికి చేపల బజారులో దుబాసీ ఎందుకు?

మేము కొన్నది ఏమీ లేదు. బస చేసిన గదిలో వండుకొనే వీలు లేదు. ఆమె ఆ సాయంకాలం వరకూ ఆ విచారంలోనే ఉంది.

వెనిస్ మాట వచ్చింది గనుక మూడవ ఆక్షేపణకు, అంటే టూరు కంపెనీల వద్దకు వస్తాను. ఆ నగరానికి రైలు నీళ్ళ మీదుగానే పోతుంది. 1846లో కట్టిన వంతెన అది. స్టేషను మెట్లు దిగితే ఎదురుగా కాలువ, పడవలు. మా చెల్లెలు మెట్ల మీద నిలబడి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అడిగిన మాట ఇది: "వీళ్ళు నీళ్ళని పూడ్చుకోలేదేం అన్నయ్యా?"

పూడిపోకుండా కాచుకున్నారు గనుక. ఒండ్రు తెచ్చే నదులను శతాబ్దాల క్రితమే మళ్ళించారు. నీటి పాలన కోసం 1501లోనే ప్రత్యేకంగా ఒక అధికార మండలిని నియమించారు. మనకు కొల్లేటిలోకి తమ్మిలేరు, బుడమేరు వస్తాయి, ఉప్పుటేరు ఒక్కటే బయటికి పోతుంది. 1999లో అభయారణ్యమన్నాం, 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చుకున్నాం, ఈలోగా సరస్సంతా చేపల చెరువుల గట్లతో కోసుకున్నాం, 2006లో ఆ గట్లను తెగ్గొట్టాం, మళ్ళీ చాలాచోట్ల వేసుకున్నాం. మేము తిరిగివచ్చిన మూడు నెలలకే, 2024 సెప్టెంబరులో, బుడమేరు పొంగి బెజవాడను ముంచి, ఆ నీరంతా కొల్లేటికి దిగి లంక గ్రామాలను చుట్టుముట్టింది. అప్పుడు ఫోనులో ఆమె మళ్ళీ అదే ప్రశ్న అడిగింది. దూరదేశం వెళ్ళడం వల్ల సొంత ఊరికి దూరమవుతారనేవారు ఈ మాట గమనించాలి. ఆ ప్రశ్న ఆమెకు కొల్లేటికోటలో పుట్టలేదు. వెనిస్ మెట్ల మీద పుట్టింది.

అయితే వెనిస్‌ను నీరు ముంచకపోయినా జనం ముంచుతున్నారు. 1951 ప్రాంతంలో ఆ పాత నగరంలో లక్షా డెబ్భై వేల పైచిలుకు మంది కాపురముండేవారు. 2022 నాటికి యాభై వేల లోపుకు పడిపోయారు. ఇళ్ళన్నీ యాత్రికుల బసలయ్యాయి. పొద్దున్న వచ్చి, ఫొటో తీసుకొని, సాయంకాలానికి వెళ్ళిపోయేవారి తాకిడి భరించలేక, 2024లో ఎంపిక చేసిన ఇరవై తొమ్మిది రోజులలో అలాంటివారి మీద ఐదు యూరోల ప్రవేశ రుసుము పెట్టారు. అక్కడ రాత్రి బస చేసేవారికి ఆ రుసుము లేదు. ఎంత న్యాయమైన విభజన! ఊరికి అతిథి ఎవరో, ఊరి మీద పడినవాడు ఎవరో వారు రుసుము పెట్టి తేల్చారు.

పన్నెండు రోజులకు తొమ్మిది దేశాలు. నేను లెక్కల పంతులును కాను గాని ఈ భాగహారం నాకు వచ్చు. దేశానికి ఒకటిన్నర రోజైనా రాదు, అందులో బస్సులో గడిచేదే ఎక్కువ. ఆ పెద్దమనిషిని నేను గౌరవంగానే అడిగాను: "మాస్టారూ, అక్కడి మనిషితో ఎవరితోనైనా మాట్లాడారా?" ఆయన నిజాయితీపరుడు. కాసేపు ఆలోచించి, "అవసరం రాలేదండీ" అన్నాడు. నా అభియోగమంతా ఆ జవాబులోనే ఉంది. అవసరం రాకుండా చూడటానికే ఆ కంపెనీ మూడు లక్షలు తీసుకుంటుంది. దారి అడగనక్కరలేదు, అన్నం వెదకనక్కరలేదు, పక్కవాడి సాయం కోరనక్కరలేదు. మన ఊరి నుంచి తెచ్చుకున్న గదిలోనే కూర్చొని, ఆ గదికి అద్దాల కిటికీలు పెట్టించుకొని, దానిని ఊరేగిస్తే అది యాత్ర అవుతుందా?

మాకు మనిషికి రెండు లక్షల ఇరవై వేలయింది. ఆమె ఖర్చు ఆమే పెట్టుకుంది. నేను ఇవ్వబోతే, "పాడి మీద కూడబెట్టినది నాదే ఉంది, సారె పెట్టినట్టు పెట్టకు" అంది. సుఖం లేదన్న మాట ఒప్పుకుంటాను. ఒకచోట గది నాలుగో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. ఒక నగరంలో నా చిల్లర పర్సు ఎవరో కొట్టేశారు. మన జాతరలలో కొట్టేయరా? ఇటలీ వేగపు రైళ్ళలో పాసు ఉన్నా సీటుకు విడిగా డబ్బు కట్టాలి. జర్మనీ, ఆస్ట్రియాలలో చాలా రైళ్ళకు అది అక్కరలేదు. ఈ భేదం ముందుగా తెలుసుకోవాలి. అటుకులు, కందిపొడి, జంతికలు తీసుకువెళ్ళాం. నాలుగు రోజులకు జంతికలు తప్ప మిగతావి మరచిపోయి అక్కడి రొట్టెకు అలవాటు పడ్డాం.

మోకాళ్ళు సహకరించనివారికి, రోగులకు, తోడు లేనివారికి టూరు బస్సే దిక్కు. వారి జోలికి నేను పోను. నా వాదం నడవగలిగి కూడా మోయించుకొనేవారితోనే.

తొలి రెండు రోజులూ ఆమె సంచీ కూడా నేనే మోశాను. అన్నగారిని గదా. కొలోన్ స్టేషనులో దిగగానే ఎదురుగా ఆ మహా చర్చి గోపురాలు నిలబడి ఉంటాయి. నేను రెండు సంచులతో రొప్పుతూ వాటిని తలెత్తి చూడలేకపోయాను. "నా సంచీ నాకిచ్చెయ్యి" అంది. "పరవాలేదమ్మా, నేను మోస్తాను" అన్నాను. "నువ్వు మోస్తుంటే నేను నీ వెనకాల సామానులాగే నడుస్తున్నాను అన్నయ్యా" అంది. ఇచ్చేశాను. ఆ తరువాత రోమ్ వరకూ ఆమె సంచీని ఎవరూ ముట్టుకోలేదు.

ఇక నేను దాచిన మాట.

వియన్నా నుంచి వెనిస్‌కు అప్పట్లో రైలులో సుమారు ఏడున్నర గంటలు పట్టేది. దారిలో సెమ్మరింగ్ కనుమ వస్తుంది. మన దేశంలో బొంబాయి నుంచి ఠాణాకు తొలి రైలు నడిచినది 1853లో. ఆ మరుసటి ఏడే, 1854లో, ఆ కనుమ మీద రైలుమార్గం తెరిచారు. నలభై ఒక్క కిలోమీటర్లలో పధ్నాలుగు సొరంగాలు, పదహారు పెద్ద వంతెనలు. 1998లో దానిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించారు. ఇవన్నీ నేను ఆమెకు పాఠంలాగా చెబుతున్నాను. ఆమె కిటికీ వైపు చూస్తూ వింటోంది. ఒక సొరంగంలోనుంచి బయటికి వచ్చాక, నా వైపు తిరగకుండానే అంది.

"ఆ రోజు నాన్న నిన్ను అడిగాడు అన్నయ్యా. దీన్ని కూడా నీతో పడవలో పంపనా అని. నువ్వు వద్దన్నావు. పిల్లలు ఎగతాళి చేస్తారన్నావు. నేను తలుపు వెనకాల ఉన్నాను."

యాభై మూడేళ్ళు. ఇన్నేళ్ళలో ఎన్ని పండుగలకు కలుసుకున్నాం, ఎన్ని చీరలు పెట్టాను, ఎన్నిసార్లు ఆమె చేతి వంట తిన్నాను! ఆ రోజుల్లో ఆడపిల్లలను పంపేవారు కారని లోకం మీదికి నెట్టి ఎంత హాయిగా బ్రతికాను! మా నాన్న పంపడానికి సిద్ధపడే అడిగాడు. వద్దన్నది లోకం కాదు, పదమూడేళ్ళ నేను.

నాకు మాట రాలేదు. ఆమె సంచీలోనుంచి జంతికల పొట్లం తీసి, "తిను, మెత్తబడిపోతున్నాయి" అని నా చేతిలో పెట్టింది. చాలాసేపటికి, "తప్పు చేశాను" అన్నాను. "అప్పుడు నువ్వూ పిల్లాడివేగా" అంది. మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

ఈ మాట ఇంటి దగ్గర ఎందుకు రాలేదని చాలా ఆలోచించాను. ఇంటి దగ్గర ఆమె అతిథి, నేను అన్నగారిని. పళ్ళెం, తాంబూలం, పిల్లల హడావిడి. ఎదురెదురుగా రెండు సీట్లలో, మమ్మల్ని ఎరిగినవారు ఒక్కరూ లేనిచోట, ఎవరి బరువు వారు మోసుకువచ్చి కూర్చున్నప్పుడు గాని, అన్నాచెల్లెళ్ళు సమానులుగా మాట్లాడుకోలేకపోయారు. టూరు బస్సులో అయితే ఆ వేళకు మైకులో గైడు మాట్లాడుతూ ఉండేవాడు.

కాబట్టి నా సిద్ధాంతం ఇది. చూడటం కోసమే అయితే ఐరోపా అక్కరలేదు, ఇంట్లో తెర చాలు. ప్రయాణం చూడటానికి కాదు, ఒకరికొకరు నిజంగా అక్కరకు వచ్చే స్థితిలో పడటానికి. తోబుట్టువులకు పెళ్ళయ్యాక ఆ స్థితి మళ్ళీ రాదు. దానిని మనమే కల్పించుకోవాలి. దానికి వెనిసే కానక్కరలేదు. జనరల్ పెట్టెలో విశాఖపట్టణం వెళ్ళినా చాలు. కాని ఎవరి సంచీ వారు మోయాలి. ఆడవారి సంచీ మోస్తామనేవారు అసలు వారి చేతిలో ఏమి మోయనిస్తున్నారో ఒకసారి చూసుకోవాలి.

"అమ్మకేమైనా అయి ఉంటే ఎవరిది మావయ్యా బాధ్యత?" అని మా మేనల్లుడు ఇప్పటికీ అడుగుతాడు. నాయనా, ఏమీ జరగకుండా యాభై మూడేళ్ళు పోయాయే, ఆ బాధ్యత ఎవరిది? అది నాదని ఒప్పుకొని, ఈ నాలుగు మాటలూ వ్రాశాను.

చివరిగా కాశీ సంగతి. బంధువులు తీసుకువెళ్ళమన్నారు కదా. నేను తీసుకువెళ్ళే అవసరం కలగలేదు. మేము వచ్చిన ఆ సంవత్సరమే, కార్తీకానికి ముందు, ఆమె గూడెం స్టేషనుకు స్వయంగా వెళ్ళి టికెట్లు కొన్నది. తన వీధిలోని ఇద్దరు ఆడవారితో కలసి వెళుతున్నానని నాకు ఫోను చేసి చెప్పింది.

"ఎప్పుడు బయలుదేరాలమ్మా?" అన్నాను.

"నువ్వు రానక్కరలేదులే అన్నయ్యా" అంది.

సంచీ మాత్రం అదే పట్టుకువెళ్ళింది.

సెలవు.